నలభై ఒకటో రోజు

కల్లూరులోని ఆడపిల్లల హాస్టల్లో ఆయా రత్నమణి స్నానాల గదులు కడుగుతోంది. ఇరవై ఆరేళ్లుగా ఫినాయిల్ నీళ్లలో నానిన వేళ్లు కొనల దగ్గర ముడతలు పడ్డాయి. ఎడమ మోకాలు వంగదు. గోడ పట్టుకుని నడుం వంచుతుంది. ఈ రోజుతో ఆమెకు పని ఆఖరు. ఆ సంగతి వార్డెన్‌కు తప్ప ఎవరికీ తెలియదు.

పిల్లలంతా బడికి వెళ్లిపోయినా చివరి గది గడియ తీయలేదు. పిలిస్తే, లోపల ముక్కు ఎగపీల్చిన చప్పుడు. కాసేపటికి తొమ్మిదో తరగతి శివజ్యోతి బట్టల సంచితో బయటికొచ్చింది.

"యాడికి పోతాండావు?"

"ఊరికి, అవ్వా. నలభై ఒక్క దినాలాయ, నాకు రాల్యా. పోయిన తూరి ఇరవై ఆరుకే వచ్చె. గదిలో పిల్లలంటాండారు, నాకేదో రోగముండాదంట, పిల్లోళ్లు పుట్టరంట. నేనింక చదవను."

రత్నమణి చీపురు గోడకానించి, ఎడమ కాలు చాపి తడి నేల మీదే కూర్చుంది.

"నువ్వు పెద్దమనిషై ఎన్నాళ్లాయ?"

"పోయిన దసరాకు."

"ఇంగా యాడాదే కదమ్మా! మొదట రెండు మూడేండ్లు ముందూ వెనకా అయితానే ఉంటాది. ఒకతూరి మూడు వారాలకే వస్తాది, ఒకతూరి నలభై ఐదు దినాలు పడతాది. అది రోగం కాదు. మూడు నెలలు దాటినా, వారం మించి నెత్తురు పోతాన్నా, నొప్పి ఓర్చుకోలేకపోయినా చెప్పాల. డాక్టరమ్మ కాడికి పోవాల."

"నీకెట్ల తెలుసు?"

"నర్సమ్మను అడిగి తెలుసుకున్యా."

ఎందుకు అడిగిందో చెప్పలేదు. పధ్నాలుగేళ్లప్పుడు తనకు నెత్తురు పదిహేడు రోజులు ఆగలేదు. ఇంట్లో ఎవరూ ఆసుపత్రి మాటెత్తలేదు. వేరుశెనగ చేలో కళ్లు తిరిగి పడిపోయింది. అప్పుడు మానిన బడికి మళ్లీ పోలేదు.

పిల్ల ముఖం కొంగుతో తుడిచింది. "సంచి ఈడ పెట్టి బడికి పో."

గేటు దాకా పోయి శివజ్యోతి వెనక్కి తిరిగింది. "సాయంత్రం ఉంటావు కదా అవ్వా?"

"పో బిడ్డా, పాఠం అయిపోతాది."

మధ్యాహ్నం తాళాలగుత్తి వార్డెన్ నాగలక్ష్మమ్మ చేతికిచ్చింది. "శివజ్యోతిని రోంత కనిపెట్టుకోని ఉండు, మేడం," అని, కుంటుకుంటూ రోడ్డు దాటి షేరాటో ఎక్కింది.

సాయంత్రం శివజ్యోతి పుస్తకాలు దింపకుండానే ఆయా గదికి పరుగెత్తుకొచ్చింది. తలుపు తీసే ఉంది. మంచం మీద పరుపు చుట్టేసి ఉంది. కిటికీ గూట్లో ఒక చెక్క దువ్వెన, దాని పళ్ల మధ్య నెరిసిన వెంట్రుక ఒకటి గాలికి కదులుతూ.