వాసెన కట్టిన జాడీ

నేను ఒక జాడీని. జపాన్‌లో తొకొనామె అనే ఊళ్లో, రోజుకి నలభై జాడీలు చేసి పారేసే కుమ్మరి చేతిలో పుట్టాను. ఇప్పుడు తెనాలిలో ఒక ఇంటి హాల్లో, గాజు బీరువాలో, నెత్తి మీద చిన్న లైటుతో కూర్చున్నాను. వచ్చినవాళ్లంతా నన్ను తేరిపార చూస్తారు. గౌరవం కొద్దీ కాదు, కాఫీ వచ్చేదాకా ఏదో ఒకటి చూడాలి కనుక. మనుషుల మీద నాకంత గొప్ప అభిప్రాయం లేదని ముందే చెప్పేస్తున్నాను.

నన్ను కొన్నావిడ పేరు కికు. సముద్రం పక్కన చిన్న ఊరు ఆవిడది. మీరు గేదెలకు పెట్టే తవుడే వేయించి, ఉప్పూ నీళ్లూ కలిపి నా నిండా పెట్టింది. పొద్దున అందులో దోసకాయో వంకాయో పాతిపెడితే సాయంత్రానికి అన్నంలోకి ఊరగాయ తయారు. ఆ తవుడికి ప్రాణముంది. దానికి గాలి కావాలి. రోజూ ఉత్త చేత్తో అడుగుదాకా కలపాలి. కలిపే చేతిని బట్టి రుచి వస్తుంది కనుక ఏ రెండిళ్లలోనూ ఒక రుచి ఉండదు. కికు మహా గయ్యాళి. కోడలు హత్సుయెని ఏడేళ్లు నా మూత ముట్టనివ్వలేదు. తన చెయ్యి పైకి లేవని రోజు వచ్చాక మాత్రం కోడలి మణికట్టు పట్టుకుని నాలోకి దించింది. ఆ తర్వాత అరవై ఒక్క ఏళ్లు హత్సుయె ఒక్కపూటా మానలేదు. మొగుడు పోయిన రోజున కూడా వచ్చి కలిపి, చేతులు కడుక్కుని, అప్పుడు ఏడ్చింది. మనుషుల్లో నేను లెక్కలోకి తీసుకునేది ఆవిడ ఒక్కదాన్నే.

ఆ ఇంట్లో మేడ మీద గదిలోకి దిగాడు దివాకర్. తెనాలి మనిషి. జపాన్ ఆత్మను పట్టుకుని పుస్తకం రాస్తానని పదకొండు నెలలు ఉండటానికి వచ్చాడు. వచ్చిన నెలకే నేల మీద మోకాళ్లు మడిచి కూర్చోవడం నేర్చాడు, కాళ్లు తిమ్మిరెక్కి లేవలేకపోతే దాన్ని ధ్యానం అన్నాడు. వంగి నమస్కారం ఎవరికి ఎంత లోతుగా పెట్టాలో కొలత ప్రకారం నేర్చాడు. తెనాలిలో ఉన్న అక్కతో ఫోన్లో మాట్లాడుతూ గోడకి వంగి వంగి నమస్కారాలు పెట్టేవాడు. వారానికి రెండుసార్లు టీ కలిపే విద్య నేర్పే పంతులమ్మ దగ్గరికి వెళ్లేవాడు. హత్సుయె చేతి ఊరగాయ రోజూ రెండుపూటలా లాగించి, నేను మీ కొడుకులాంటివాణ్ణని అనేవాడు. పాపం, ఆవిడ నమ్మింది.

వానాకాలం మొదట్లో హత్సుయె స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆసుపత్రికి తీసుకెళ్లే బండి వాకిట్లో ఉండగా, మంచం మీంచే అతన్ని దగ్గరికి పిలిచింది.

“దివాకర్ సాన్, రోజుకి రెండుసార్లు మీ చెయ్యి అడుగుదాకా పోవాలి. చెంచా పెట్టకండి. ఇంకేదీ చూడక్కర్లేదు, ఇదొక్కటి చూడండి.”

సరిగ్గా కొలిచినట్టు వంగి, అలాగేనన్నాడు. ఆవిడ చెప్పింది ముక్క పొల్లుపోకుండా అర్థమైంది కూడా. మూడు రోజులు ముక్కు మూసుకుని కలిపాడు. నాలుగో రోజు టీ క్లాసులో పంతులమ్మ అతని చేతివైపు చూసి కాస్త వెనక్కి జరిగింది. అంతే, మనవాడికి తల కొట్టేసినట్టయింది. జపాన్ ఆత్మ కోసం ఇంత దూరం వచ్చిన పెద్దమనిషి, అది తన గోళ్లలో దూరితే సబ్బుతో నాలుగుసార్లు తోముకున్నాడు.

ఆ సాయంత్రం అక్క హైమావతికి ఫోన్ చేశాడు. పెద్దావిడ ఊరగాయ జాడీ అప్పగించి వెళ్లిందనీ, నీరూరి పుల్లవాసన వేస్తోందనీ చెప్పాడు. చెయ్యి పెట్టి కలపమందన్న మాట మాత్రం మింగేశాడు. ఆవకాయలు పెట్టీ పెట్టీ తలపండిన మనిషి, ఆవిడ తనకు తెలిసిందే చెప్పింది.

“తడి చెయ్యి పెట్టుంటావురా. పచ్చడి జాడీలో ఎవరన్నా చెయ్యి పెడతారా? మాటిమాటికీ మూత తియ్యమాక. శుభ్రంగా వాసెన కట్టి పక్కన పెట్టు, ఆవిడొచ్చేదాకా దాని జోలికి పోమాక.”

తనకు కావలసిన మాట దొరికింది. తెల్లగుడ్డ ఉతికి, ఆరబెట్టి, నా మూతికి బిగించి తాడు కట్టాడు. ఫోటో తీసుకున్నాడు. నా పక్కనే కూర్చుని జపనీయుల ఓర్పు గురించి ఆరు పేజీలు రాశాడు. ఉక్కపోతలో ముప్పై ఎనిమిది రోజులు, ఆరడుగుల దూరంలో ఈయన ఓర్పు గురించి రాస్తుంటే, నా లోపల అత్తాకోడళ్లు ఇన్నేళ్లు కాపాడిన ప్రాణం ఊపిరాడక పోయింది.

హత్సుయె చేతికర్రతో తిరిగొచ్చి, కూర్చోకుండా నేరుగా వంటింట్లోకి వచ్చింది. ఒక్క చుక్క తడి తగలనివ్వలేదని అతను గొప్పగా చెప్పాడు. ఆవిడ ముడి విప్పింది. పైన ఎర్రగా, నల్లగా బూజు. వాసనకి అతను గుమ్మందాకా వెళ్లిపోయాడు. ఆవిడ చొక్కా చెయ్యి పైకి మడిచి, చేతిని మోచేతిదాకా దించింది. అడుగున ఒక్క గుప్పెడు మంచి తవుడు మిగిలినా దాంతో మళ్లీ మొదలుపెట్టొచ్చు. నా గోడల వెంట, మూలమూలలా వేళ్లతో తడిమి వెతికింది. ఆ వేళ్లకి అందించడానికి నా దగ్గర ఏమీ లేదు. నాకు అంత సిగ్గు ఎప్పుడూ కలగలేదు.

మీకు శ్రమ ఇచ్చాను, అంది అతనితో. నిజంగానే శ్రమపడ్డాననుకున్నాడు ఆ మహానుభావుడు. మర్నాడు బజారు నుంచి తవుడు ప్యాకెట్ తెచ్చిచ్చాడు. ఆవిడ రెండు చేతులతో అందుకుని అలమారలో పెట్టింది, విప్పలేదు. అతను బయల్దేరే రోజున నన్ను కడిగి తెచ్చి ముందు పెట్టింది.

“తీసుకెళ్లండి. నాకిక దీంతో పని లేదు.”

దివాకర్ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. వంశపారంపర్యంగా వచ్చిన వస్తువుని కన్నకొడుక్కిచ్చినట్టు ఇచ్చిందని పుస్తకం చివర రాశాడు. నన్ను ఎదురుగా చూడలేక ఇచ్చిందని అతని బుర్రకి తట్టలేదు.

పుస్తకం వచ్చిందని తెలిసి హైమావతి ఒకరోజు వచ్చింది. తమ్ముడు బీరువాలో లైటు వేసి కథంతా చెప్పాడు. మాటల జోరులో, ఆవిడ అరవై ఏళ్లు రోజూ ఇందులో చెయ్యి పెట్టి కలిపేదనీ, తననీ అలాగే కలపమందనీ అనేశాడు.

హైమావతి కప్పు కింద పెట్టింది. ఆ మాట ఫోన్లో ఎందుకు చెప్పలేదని అడిగింది. పోనీలే అక్కా, ఆవిడేమీ అనుకోలేదు, అన్నాడు. హైమావతి నావైపు చాలాసేపు చూసింది. ఆ ఇంట్లో కాఫీ కోసం కాకుండా నన్ను చూసిన మనిషి ఆవిడే.

“మరి ఆవిడ ఇప్పుడు అన్నంలోకి ఏం తింటందిరా?”

తెలీదక్కా, అడగలేదు, అన్నాడు.