అరంగుళం ఎక్కువ

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, దాచుకోవడం చేతకాదు. మా అత్తయ్య మీద కోపమైతే పదిహేనేళ్ళ అలవాటు. కానీ ఆ రోజు జరిగినదాంట్లో ఆవిడ తప్పు ఎంత, నా తప్పు ఎంత అన్నది నేనే చెప్పాలి. ఇంకొకళ్ళు చెబితే వంకరగా చెబుతారు.

మాది కుట్టుపని. ముందుగది దుకాణం, వెనక రెండు గదులు ఇల్లు. మధ్యలో తలుపు పీకేసి కర్టెన్ కట్టాం. ఆ కర్టెన్ అవతలే అత్తయ్య మంచం. అక్కడ పడుకుంటే ఆవిడకి దుకాణం కనిపించదు, వినిపిస్తుంది. అదీ నా కర్మ. నలభై ఏళ్ళు తనే నడిపిన దుకాణం, చూపు తగ్గాక నాకు అప్పజెప్పింది. చెవులు మాత్రం అప్పజెప్పలేదు. మిషను చప్పుడు వింటూ "దారం బిగుసుకుంది చూడు", "సూది మొద్దుబారింది, మార్చు" అంటూనే ఉంటుంది. నిద్రలో కూడా అంటుంది, ఒట్టు.

నాకు పని నేర్పిందీ ఆవిడే. పెళ్ళై వచ్చేనాటికి నేను గుండీ ఊడితే పిన్నీసు పెట్టుకునే రకాన్ని. ఆవిడ చెప్పిన మొదటి పాఠం ఒకటే. "కొలత ఎంతైనా సరే, అరంగుళం ఎక్కువ వదిలి కత్తిరించు. ఎక్కువైతే లోపలికి మడవొచ్చు. తక్కువైతే ఏడ్చినా రాదు." ఆ మాట నా ఒంట్లో ఇంకిపోయింది. టీకి నీళ్ళు పెట్టినా ఒక గుక్కెడు ఎక్కువ, తాళంచెవులు చేయించినా ఒకటి ఎక్కువ. దాంతో ఎప్పుడూ నష్టపోలేదు, ఆ వారం దాకా.

ఆ వారం అత్తయ్యకి జలుబు చేసి, గుండెల్లో కఫం పేరుకుని, దగ్గు పట్టుకుంది. మామూలు దగ్గు కాదు, మంచం కోళ్ళు కదిలే దగ్గు. మా ఆయన లారీ వేసుకుని వెళ్ళి నాలుగు రోజులైంది, ఇంకో మూడు రోజులకి గానీ రాడు. నేనే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ వీపు మీద గొట్టం పెట్టి చూసి, సిరప్ రాసింది.

"ఇది గట్టి మందు. పొద్దున ఐదు ఎం.ఎల్., రాత్రి ఐదు ఎం.ఎల్. అంతకు మించొద్దు. మగతగా ఉంటుంది. వేరే మందులేమైనా వాడుతున్నారా?" అని అడిగింది.

"బీపీ మాత్ర ఒక్కటేనమ్మా" అంది అత్తయ్య, చిన్నపిల్లలా అమాయకంగా.

మందుల షాపాయన సీసాతో పాటు గీతలున్న చిన్న ప్లాస్టిక్ కప్పు ఇచ్చాడు. "దీంతోనే కొలవండి. ఇంట్లో చెంచాలు తలా ఒక సైజు. దగ్గు తగ్గలేదని మీ అంతట మీరు పెంచొద్దు. నిద్ర మాత్రలతో గానీ వేరే జలుబు మాత్రలతో గానీ కలపొద్దు. సీసా మీద రాశాను, చూసుకోండి" అన్నాడు. నేను అన్నిటికీ తల ఊపాను. నా బుర్ర నిండా హోటలు వాళ్ళ యూనిఫాంలు ఉన్నాయి. నలభై జతలు, శుక్రవారానికి ఇవ్వాలి.

రెండు రోజులు బుద్ధిగానే కొలిచాను. మూడో రోజు పొద్దున్నే హుక్కుల డబ్బా చెయ్యి జారి కిందపడి మూత పగిలింది. నేలంతా హుక్కులు. ఏరి పొయ్యడానికి చేతికి అందింది ఆ మందు కప్పే. హుక్కులకి సరిగ్గా సరిపోయింది, నా తెలివికి నేనే మురిసిపోయాను. ఇక మందు? వంటింట్లోంచి చెంచా తెచ్చాను. టీపొడి డబ్బాలో ఉండే పెద్ద చెంచా. నిండా పోశాను. దగ్గు ఎక్కువగా ఉంది కదా అని పైన ఇంకో అరచెంచా. అరంగుళం వదిలానన్నమాట.

పదకొండింటికి మళ్ళీ దగ్గు తెర మొదలైంది. ఆవిడ దగ్గినప్పుడల్లా నా చెయ్యి ఉలిక్కిపడి కుట్టు వంకర పోతోంది. అప్పటికే రెండు కాలర్లు విప్పి మళ్ళీ కుట్టాను. విసుగొచ్చి, రాత్రి పూట మందు కాస్త ముందే ఇచ్చేస్తే ఏం పోయిందనుకుని, మళ్ళీ చెంచా నిండా పోశాను. ఆవిడ కోసం పోశానని చెప్పుకోవచ్చు. కానీ సగం నా కాలర్ల కోసమే పోశాను. ఆ మాట ఒప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

దగ్గు ఆగింది. అమ్మయ్య అనుకున్నాను. హాయిగా పదకొండు కాలర్లు కుట్టాను.

మధ్యాహ్నం రెండు దాటింది. బాబిన్‌లో దారం చిక్కుపడి మిషను కటకటా కొట్టుకుంది. ఆ చప్పుడు వీధి చివరికి వినిపిస్తుంది. నేను చెయ్యి ఆపి తిట్లకి సిద్ధమయ్యాను. కర్టెన్ వెనక నుంచి ఒక్క మాట రాలేదు.

పదిహేనేళ్ళలో అలా ఎప్పుడూ జరగలేదు.

"అత్తయ్యా!" అన్నాను. పలకలేదు. వెళ్ళి భుజం పట్టి కుదిపాను. కళ్ళు సగం తెరిచి, నన్ను చూడకుండానే మూసుకుంది. పెదాలు నీలంగా ఉన్నాయి. ఛాతీ మీద చెయ్యి పెట్టి లెక్కపెట్టాను. ఒక ఊపిరికీ ఇంకో ఊపిరికీ మధ్య పది అంకెలు పట్టాయి. వెంటనే అంబులెన్స్‌కి ఫోన్ చేశాను. "పక్కకి తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పొయ్యొద్దు, నీళ్ళు కూడా. పక్కనే ఉండి ఊపిరి చూస్తూ ఉండండి. ఇంట్లో ఉన్న మందులన్నీ వెంట తీసుకురండి" అంది ఫోనులో అమ్మాయి.

పక్కకి తిప్పుతుంటే దిండు కింద నుంచి ఒక మాత్రల అట్ట బయటపడింది. నిద్ర మాత్రలు. ఎప్పుడో రెండేళ్ళ కిందట డాక్టరు రాసి, తర్వాత మానేయమన్నవి. పారేసిందనుకున్నాను. మా అత్తయ్య మిగిలిన గుడ్డముక్కనే పారెయ్యదు, మిగిలిన మాత్ర పారేస్తుందా! అట్టని, సిరప్ సీసాని సంచిలో వేసుకున్నాను.

ఆసుపత్రికి వెళ్ళగానే ముక్కుకీ నోటికీ మాస్కు పెట్టి ఆక్సిజన్ ఇచ్చారు. మా వదిన, అంటే మా ఆయన అక్క, స్కూల్లో టీచరు, వేళ్ళకి ఎర్రసిరాతోనే పరిగెత్తుకొచ్చింది. అక్కడి కళ్ళజోడు డాక్టరు ఏమేం వాడారని అడిగితే సంచి ముందు పెట్టాను. వదిన చేతికి ముందు మాత్రల అట్టే వచ్చింది.

"నిద్ర మాత్రలా! మానేశానని నాతో చెప్పిందే!" అని డాక్టరు వైపు తిరిగింది. "ఇదీ సంగతి. మా అమ్మే ఎవరికీ చెప్పకుండా వేసుకుంది. పాపం మా మరదలికేం తెలుస్తుంది?"

పదిహేనేళ్ళలో వదిన నన్ను వెనకేసుకురావడం అదే మొదటిసారి. నేను నోరు మూసుకుంటే చాలు, అంతా ఆ అట్ట మీదకే పోతుంది. నిజంగా మూసుకుందామనుకున్నాను. దేవుడి ముందైనా ఆ మాటే చెబుతాను.

"సిరప్ రాసినంతే ఇచ్చారా?" అన్నాడు డాక్టరు.

అత్తయ్య మాస్కు వైపు చూశాను. ఊపిరి వదిలినప్పుడు లోపల ఆవిరి పడుతుంది, పోతుంది. మళ్ళీ పడేదాకా నా ప్రాణం నిలవలేదు.

"లేదండీ" అన్నాను. "కప్పులో హుక్కులు పోసుకున్నాను. టీ డబ్బాలో పెద్ద చెంచాతో పోశాను, పైన ఇంకో అరచెంచా. పదకొండింటికి మళ్ళీ చెంచా నిండా."

"అంటే ఒక్క పొద్దుటికే రోజు మొత్తం మందుకి రెండింతలు దాటింది" అన్నాడు. అరవలేదు. నర్సుకి ఏదో గబగబా చెప్పి, నా వైపు తిరిగి "చెప్పి మంచి పని చేశారు. మాత్ర ఒక్కటే అనుకుంటే ఇంకో దారిలో వెళ్ళేవాళ్ళం. ఈ సిరప్ మత్తుకి విరుగుడు ఇంజెక్షన్ ఉంది" అన్నాడు.

వదిన నా వైపు చూసిన చూపు మీకు చెప్పలేను. "మా అమ్మని చంపేద్దామనుకున్నావా?" అంది. ఏడుపొచ్చింది, ముక్కు మీద కోపం ఉండేదాన్ని ముక్కు చీదుకుంటూ మూల కూర్చున్నాను.

ఇంజెక్షన్ ఇచ్చిన కాసేపటికి అత్తయ్య ఊపిరి దారిలో పడింది. పెదాలకి రంగొచ్చింది. తర్వాత దగ్గింది. ఆ దగ్గు వింటే నాకు ఎంత సంతోషమేసిందో! పొద్దుటి నుంచీ ఆ దగ్గునే కదా తిట్టుకున్నాను. విరుగుడు బలం తొందరగా తగ్గిపోతుంది, మందు మాత్రం ఒంట్లో ఉంటుంది, రేపటిదాకా ఇక్కడే కనిపెట్టుకుని ఉండాలి అన్నాడు డాక్టరు.

మర్నాడు పొద్దున అత్తయ్య దిండుకి ఆనుకుని కూర్చుంది. వదిన నా నేరాలన్నీ పూసగుచ్చినట్టు వినిపించింది. "చెంచాతో పోసిందట! చాలదని పైన ఇంకో అరచెంచా అట!"

"అరంగుళం వదిలింది" అంది అత్తయ్య. "దాన్నేమీ అనకే. వదలమని నేర్పింది నేనే."

అత్తయ్య నా వైపు చెయ్యి చాపింది. చూపు ఆనదు కదా, నేనున్న చోటుకి కాస్త పక్కగా చాపింది. జరిగి పట్టుకున్నాను.

"మాత్ర దాచింది కూడా నేనే. నేను దగ్గుతుంటే నీ చెయ్యి కుదరడం లేదు. విప్పుతున్నావు, కుడుతున్నావు. వినపడదనుకున్నావా? నేను పడుకుంటే నీ పని సాగుతుందని వేసుకున్నాను."

నేను ఆవిడ నోరు మూయించడానికి పోస్తే, ఆవిడ నా పని సాగడానికి మింగింది. ఆ చెయ్యి కళ్ళకి అద్దుకుని ఏడ్చాను. వదిన కూడా ముఖం తిప్పుకుంది.

ఇంటికొచ్చాక ఆ సిరప్, మిగిలిన మాత్రలు మందుల షాపులో ఇచ్చేశాను. డాక్టరు మత్తు లేని మందు వేరే రాశాడు. హుక్కులకి కొత్త డబ్బా కొన్నాను, మందుకి కొత్త కప్పు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, అయినా పట్టుకున్నాను. కత్తిరించే బల్ల మీద కప్పు పెట్టి, నడుం వంచి, గీతకి కళ్ళు సరిసమానంగా పెట్టి పోస్తాను. వదిన అత్తయ్యని తన దగ్గరికి వచ్చి ఉండమంది, నర్సుని పెడతానంది. అత్తయ్య ఒప్పుకోలేదు.

"గీత మీదే ఉందా?" అని అడిగింది మొదటి రోజు.

"గీత మీదే ఉంది."

"దారప్పోగంత కూడా ఎక్కువ లేదుగా?"

"లేదత్తయ్యా."

ఆవిడ ఒక్క గుక్కలో తాగేసి పడుకుంది. నేను వెళ్ళి మిషను ముందు కూర్చుని తొక్కడం మొదలుపెట్టాను.

"దారం బిగుసుకుంది చూడు" అంది కర్టెన్ వెనక నుంచి.

దారం బాగానే ఉంది. "సరే అత్తయ్యా, చూస్తాను" అన్నాను.