ఆరు డబ్బీలు

పెట్టెలో ఆరు గూళ్లే ఉండేవి. అరబ్బు దేశంలో ఖబూరా అనే ఊరి అవతల ఉన్న మా చిన్న క్లినిక్ నుంచి కఫం డబ్బీలను పెద్దాసుపత్రి ల్యాబుకు తీసుకెళ్లే వ్యాను శనివారం ఒక్కరోజే వచ్చేది. రూలు ప్రకారం మనిషికి మూడు డబ్బీలు. మొదటిది నర్సు కళ్లముందే దగ్గి ఇవ్వాలి, రెండోది మర్నాడు పొద్దున్నే రూమ్‌లో లేవగానే పట్టాలి, మూడోది మళ్లీ నర్సు ముందే. అంటే వారానికి ఇద్దరు. దగ్గేవాళ్లేమో ఇరవై మంది.

అది తొంభై ఒకటో సంవత్సరం. కంకర మిల్లులో పనిచేసేవాళ్లందరికీ దగ్గే. ఎవరిది దుమ్ము దగ్గో, ఎవరిది టీబీ అనుమానమో చూసి లిస్టు రాయాల్సింది నర్సు మణికుమారి, అంటే నేను. డాక్టరుగారు వారానికి రెండు రోజులొచ్చి కింద సంతకం పెట్టేవారు.

లెక్కల్లో నేను గట్టిదాన్నని నా నమ్మకం. మనిషికి మూడెందుకు, ఒక్కటి చాలదా అనుకున్నాను. పొద్దుటి కఫంలో క్రిములు బాగా దొరుకుతాయి కనక అదొక్కటే ఉంచి, నా ముందు ఇచ్చే రెండూ ఎత్తేశాను. ఇద్దరికి బదులు ఆరుగురు. డాక్టరుగారు మెచ్చుకున్నారు కూడా. ఆ మెప్పుకి వారం రోజులు నేలమీద నడవలేదు, సిగ్గులేనిదాన్ని.

ఎన్నాళ్లుగా దగ్గు అని అడిగితే ఎవరూ నిజం చెప్పేవాళ్లు కాదు. టీబీ తేలితే పనికార్డు రద్దుచేసి ఇంటికి పంపేస్తారని రూముల్లో భయం. అందుకే మాటలు నమ్మడం మానేసి బెల్టులు చూసేదాన్ని. జనవరిలో కడప బాబు మియా వచ్చినప్పుడు అతని బెల్టుకి మేకుతో పొడిచిన కొత్త చిల్లులు రెండున్నాయి.

"ఎన్నాళ్లయిందన్నా దగ్గు?"

"యాడక్కా, పది దినాలు గూడా కాలేదు. దుమ్ముకే."

"బెల్టు కూడా దుమ్ముకే వదులైందా?"

నవ్వబోయి దగ్గాడు. లిస్టులో మొదటి పేరు అతనిదే రాశాను. డబ్బీ చేతిలో పెడితే దానివంకే చూస్తూ నిలబడ్డాడు.

"కాంట్రాక్టు ఇంగా ఏడాదుండాదక్కా. ఇప్పుడు పంపిచ్చినారంటే మళ్లా రానీరు."

"ముందు ప్రాణముంటే కదా," అని కసిరాను.

శనివారం పొద్దున్నే డబ్బీని గుడ్డలో చుట్టి తెచ్చిచ్చాడు. వారానికి కాయితం వచ్చింది, క్రిములు లేవని. నాకెంత సంతోషమో! ఎంతైనా మన భాష మాట్లాడే మనిషి. దగ్గుమందు సీసా ఇచ్చి పంపేశాను. ఆ రోజు బెల్టు వైపు చూడలేదు. కాయితం చేతిలో ఉండగా బెల్టెందుకు?

జూన్లో ఒక శనివారం బిలాల్ వచ్చాడు. నిజామాబాద్ వాడు, బాబు మియా ఉండే రూమే. ఏసీ కోసం కిటికీ మూసేసిన ఆ గదిలో ఏడుగురు, వీళ్లిద్దరివీ పక్కపక్క మంచాలు. జనవరిలో సిమెంటు బస్తా ఒంటిచేత్తో ఎత్తే మనిషి ఇప్పుడు సగమయ్యాడు. డబ్బీ ఇచ్చి, పొద్దున్నే ఎలా పట్టాలో చెప్పబోయాను.

"తెలుసు సిస్టర్. ఇంతకుముందు ఇచ్చిన."

అతని పేరు నేనెప్పుడూ లిస్టులో రాయలేదు. "ఎప్పుడిచ్చావు?"

తల దించుకున్నాడు. "బాబు చాచా డబ్బీ నేనే నింపిన. చాచా మస్తు ఏడ్చిండు. రూమ్‌ల దగ్గు లేనోన్ని అప్పుడు నేనొక్కన్నే." డబ్బీ మూత తిప్పుతూ, "గప్పుడు నాది మంచిగనే ఉండె సిస్టర్," అన్నాడు.

వీడి చెంపమీద ఒక్కటివ్వాలనిపించింది. కానీ ఆ రోజు బాబు మియాను నా ముందు దగ్గించి ఉంటే వీడి అవసరమే వచ్చేది కాదు. వద్దని ఎత్తేసింది నేనే.

"బాబు మియా ఎక్కడున్నాడు?"

"రూమ్‌లనే. నాలుగు దినాలసంది లేస్తలేడు. నెత్తురు పడుతుంది. అందరు దగ్గుతుండ్రు సిస్టర్."

మిల్లుకి కబురుపెట్టి రూమ్‌వాళ్లందరినీ పిలిపించాను. వాళ్లు మోసుకొచ్చిన బాబు మియాకి ఇక డబ్బీతో పనిలేదు, మనిషినే వ్యానులో పడుకోబెట్టాం. నన్ను గుర్తుపట్టి "అక్కా" అనబోయాడు, గొంతు రాలేదు. మిగిలిన ఆరుగురినీ వెనక గోడ దగ్గర ఎండలో నిలబెట్టి, ఒక్కొక్కరినీ నా కళ్లముందే దగ్గించాను. ఆరు డబ్బీలు. పెట్టె నిండిపోయింది.

ఆ వారం లిస్టు టేబుల్ మీదే ఉంది. ఆరు పేర్లూ కొట్టేశాను. మొదటి పేరు చాంద్ బీది. ఒక షేక్ ఇంట్లో వంటపని చేసే ఆమెకు రెండు నెలలుగా దగ్గు. ఎన్నాళ్లని అడిగితే నిజం చెప్పింది ఆమె ఒక్కతే. మూడు వారాలు తిరిగితే ఇవాళ వంతు వచ్చింది. బయట బెంచీ మీద డబ్బీ పట్టుకుని కూర్చుంది.

"ఈ శనివారం లేదమ్మా," అన్నాను.

"వచ్చే వారం ఉంటాదా సిస్టర్?"

ఉంటుందన్నాను. సరేనని, తెచ్చిన డబ్బీని మళ్లీ కొంగులో చుట్టుకుని, దగ్గుకుంటూ లేచింది.