గెలవకముందే కొట్టించిన ఫ్లెక్సీ

ఒక్క నిమిషం ఆగండి, ఈ సంగతి విని వెళ్ళండి. మీ ఇంట్లో ఆటలాడే పిల్లలుంటే కూర్చుని మరీ వినండి.

తిరుపతిలో జూడో పోటీలు. స్టేడియం వెనక కుళాయి దగ్గర, బంగారుపాళ్యం నుంచి వచ్చిన సుందరరాజు కూతురి వీపు నిమురుతున్నాడు. పన్నెండేళ్ల లోహిత పొద్దున తిన్న రెండు ఇడ్లీలూ కక్కేసింది. నుదురు పట్టి చూస్తే జ్వరం లేదు, చేతులు మాత్రం చల్లగా వణుకుతున్నాయి. పోయిన వారం ప్రాక్టీసులో తనకన్నా లావుపాటి పిల్లాణ్ణి భుజం మీదుగా ఎత్తి పడేసిన పిల్లకు ఇప్పుడేమైందో సుందరరాజుకు అంతుపట్టలేదు.

"యాడ నొప్పిగా ఉండాది పాపా?"

"తెలీదు నాయనా."

"భయమా? భయపడొద్దు."

వణుకు ఇంకాస్త పెరిగింది.

బావమరిది దేవేంద్ర సోడా తెచ్చాడు. "ఇది దిష్టే బావా. నిమ్మకాయ తెస్తా ఉండు."

"పోయినసారి పోటీలో బాగానే ఆడింది కదప్పా," అన్నాడు సుందరరాజు.

"పోయినసారి ఎవురికీ తెలీదు," అంది లోహిత, తల ఎత్తకుండానే. "ఇప్పుడు ఫ్లెక్సీ ఉండాది."

దేవేంద్ర మొహం పక్కకు తిప్పుకున్నాడు. వాళ్ళొచ్చిన ఆటోలో, సీటు వెనక, చుట్టిపెట్టిన ఫ్లెక్సీ ఉంది. 'బంగారు పతకం సాధించిన మా లోహితకు శుభాకాంక్షలు'. కింద పద్నాలుగు మంది చుట్టాల ఫొటోలు, మేనమామ దేవేంద్ర ఫొటో అందరికన్నా పెద్దది. సాయంత్రం ఊరి బస్టాండులో కట్టాలి.

"ఈపొద్దు ఆదివారం, షాపు తెరవరు బావా. అందుకే ముందే కొట్టిస్తిని," అని గొణిగాడు దేవేంద్ర.

సుందరరాజు అతన్ని తిట్టబోయి ఆగిపోయాడు. అందులో తన మీసం బాగా కనిపించే ఫొటో వెయ్యమని చెప్పింది తనే మరి.

ఇంతలో కోచ్ స్టెల్లా పరుగున వచ్చింది. "అన్నా, రెండోసారి పిలిచేసినారు. మూడోసారికి పాప మ్యాట్ దగ్గర లేకుంటే ఓడినట్టే."

"భయపడొద్దని నూరుసార్లు చెప్తిమి మేడమ్," అన్నాడు సుందరరాజు.

"అదేన్నా తప్పు. అట్లంటే, భయపడేది కూడా తప్పేమోనని పిల్లలు ఇంకా భయపడతారు. మ్యాట్ ఎక్కే ముందు నాకూ కాళ్ళు వణికేవి. అది రోగం కాదు, పిరికితనమూ కాదు." ఆమె లోహిత ముందు గొంతుక్కూర్చుంది. "ఊపిరి నిదానంగా వదులు. మొదటి పట్టు ఒక్కటే తలుచుకో, చాలు." తర్వాత సుందరరాజు వైపు తిరిగింది. "ఊపిరి తీసేది నేను నేర్పిస్తా. ఓడినా ఇంట్లో అందురూ ఇట్లే చూసుకుంటారనే నమ్మకం మాత్రం మీరే ఇయ్యాల. గెలుపు బరువు పెద్దోళ్ళు పిల్లల నెత్తిన పెట్టకూడదన్నా."

లోహిత నాలుగుసార్లు ఊపిరి వదిలింది. వణుకు కొంచెం తగ్గింది కానీ పోలేదు. తండ్రి మొహంలోకి చూసింది.

"నాయనా, ఓడిపోతే ఊర్లోకి ఎట్లా పోదాం?"

సుందరరాజు ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. గెలవకపోయినా పర్వాలేదంటే బిడ్డ ఆడే పట్టుదలే వదిలేస్తుందేమో. గెలవమంటే మళ్ళీ వణుకుతుందేమో. అసలు పర్వాలేదని తనైనా నమ్ముతున్నాడా? అదీ తెలియడం లేదు.

మైకులో మూడోసారి లోహిత పేరు వినిపించింది. ఆమె ఇంకా నాన్న మొహాన్నే చూస్తోంది.

ఆ చల్లటి చేతులు పట్టుకుని నిలబడింది మీరైతే, ఆ పిల్లకు ఏం చెబుతారు?