నాలుగు అరలు

నేను ఒక ఎర్ర పెన్నును. వినయం నాకు చేతకాదు, ముందే చెబుతున్నాను. ఫ్యాక్టరీలో సిరా నింపిన రోజే పక్కనున్న నీలం పెన్నులను చూసి జాలిపడ్డాను. వాటిది రాసే బతుకు, నాది దిద్దే బతుకు.

మొదట అప్పలనరసయ్య మాస్టారి జేబులో ఉండేదాన్ని. నన్ను బయటికి తీస్తే చాలు, పిల్లలు గప్‌చుప్. రిటైరయ్యే రోజున ఆయన నన్ను ఐదో తరగతి చెప్పే హైమవతి టీచరు చేతిలో పెట్టారు. ఆవిడ సంచిలో అప్పటికే ఒక పెన్సిలు ముక్క కాపురముంది. బొటనవేలంత లేదు, అయినా ఆవిడ పిల్లల పక్కన కూర్చున్నప్పుడల్లా దాన్నే తీసేది. ఎవరికి ఏది అర్థం కాలేదో చిన్న నోటుపుస్తకంలో దానితోనే రాసుకునేది. చూస్తుంటే నాకు ఒళ్లు మండిపోయేది.

డిసెంబరులో పరీక్ష వచ్చింది. మంచి మార్కులొస్తేనే గురుకులం ప్రవేశపరీక్షకు శిక్షణ. అందులో ఒక లెక్క: బీరువాలో నాలుగు అరలున్నాయి, ఒక్కో అరలో ఆరు పుస్తకాలు, మొత్తం ఎన్ని? నూకరత్నం అనే పిల్ల పన్నెండని రాసింది. నాకు పండగే. సున్నా నిండుగా చుట్టాను. ఆ ఒక్క లెక్కతో ఆ పిల్ల పేరు శిక్షణ జాబితాలోంచి జారిపోయింది.

టీచరు ఊరుకోలేదు. నూకరత్నాన్ని పక్కన కూర్చోబెట్టుకుని అడిగింది.

"పన్నెండు ఎలా వచ్చిందే?"

"అరంటే సగం కదండీ టీచరమ్మా? నాలుగు సగాలు రెండు. రెండార్లు పన్నెండు."

"బీరువాలో అరలు ఎప్పుడూ చూడలేదా?"

"మాకు బీరువా నేదండి. బట్టలూ పుస్తకాలూ గోనిసంచిలోనే ఎట్టుకుంటాం."

టీచరు ప్రశ్నపత్రం మడిచి పక్కన పెట్టింది. తర్వాత, "సరే, నాలుగు తట్టలు. తట్టకి ఆరు చేపలు..." అంది.

"ఇరవై నాలుగండి!"

ఆవిడ పెన్సిలు ముక్క తీసి రాసుకుంది: 'లెక్క వచ్చు. మాట తెలియదు. తప్పు ప్రశ్నది.'

కుళ్లిపోయాను. ఇన్నేళ్లలో వందల సున్నాలు చుట్టాను గానీ, ఏ పిల్ల గురించీ ఒక్క వాక్యం రాసి ఎరగను. పైగా నా సున్నాను నాతోనే కొట్టేయించి, మార్కులు వేయించి, జాబితా చివర నూకరత్నం పేరు కూడా నాతోనే రాయించింది.

ఆ పిల్లకు గురుకులంలో సీటొచ్చింది. వెళ్లే రోజు టీచరును అడిగి మరీ ఆ పెన్సిలు ముక్క పట్టుకెళ్లింది. నన్నెవరూ అడగలేదు.

ఇప్పుడు బడి బీరువాలో కింది అరలో పడి ఉన్నాను. ఒంట్లో సిరా ఇంకా అర మిగిలే ఉంది. అరంటే సగమేనని నూకరత్నం సరిగ్గానే చెప్పింది.