ఎడమకి ఒరిగిన బస్సు

బస్సు మళ్ళీ షెడ్డుకొచ్చిందని తెలియగానే కరెంటాయనకి ఏడుపొక్కటే తక్కువైంది. షెడ్డులో ఎలక్ట్రీషియన్ పనంతా ఆయనదే కాబట్టి ఆ పేరు ఖాయమైపోయింది. వరసగా రెండు షిఫ్టులు చేసి ఒళ్లు హూనమై ఉన్నాడు. ఇంటికెళ్లి పడుకుందామంటే కుదరదు. అది బావ నడిపే బస్సు.

బావంటే అక్క మొగుడు. మీసం నల్లగా ఉన్నప్పటినుంచీ స్టీరింగు తప్ప వేరే లోకం తెలియని మనిషి. ఈ నెలలో స్టాపు దగ్గరికి వచ్చిన ప్రతిసారీ బస్సు ఎడమ పక్క ఫుట్‌పాత్ అంచుకి గీసుకుపోతోంది. చూపు ఆనడం లేదనో, చెయ్యి వణుకుతోందనో నలుగురూ నాలుగు మాటలంటున్నారు. ఇవాళ కూడా బస్సులో లోపం దొరక్కపోతే సాయంత్రం ఆయన్ని సీటు దింపి గేటు దగ్గర కూర్చోబెడతారు. గేటు పక్క కుర్చీలో బావని ఊహించుకోలేక కరెంటాయన టార్చి అందుకున్నాడు.

బస్సు కింద గోతిలోకి, అదే పిట్‌లోకి, దిగి టార్చి వేశాడు. ఈ బస్సుకి స్ప్రింగుల బదులు రబ్బరు గాలితిత్తులుంటాయి. ఇరుసు నుంచి రెండు పక్కలా ఒక్కో సన్నటి కడ్డీ సెన్సార్‌కి పోతుంది. బస్సు కుంగితే కడ్డీ కదులుతుంది, సెన్సార్ ఆ కబురు కంట్రోల్ పెట్టెకి మోస్తుంది, పెట్టె వాల్వు తెరిచి ఆ పక్క తిత్తిలో గాలి నింపుతుంది. అన్నీ బుద్ధిగానే పనిచేస్తున్నాయి. బస్సు మాత్రం ఎడమకి రెండు వేళ్ల మందం ఒరిగే ఉంది. అసలా పెట్టెకి సొంత బుర్ర ఎక్కడేడ్చింది? బస్సుని సరైన ఎత్తులో నిలబెట్టి, స్విచ్ నొక్కి, 'తిన్నగా ఉండడమంటే ఇదే' అని మనిషే నేర్పాలి. నేర్పిందే దానికి వేదం. కిందటి నెల సెన్సార్ మార్చినప్పుడు నేర్పింది తనే.

మళ్ళీ మొదటినుంచి నేర్పి చూద్దామని వాల్వులన్నీ మూసేశాడు. పైనుంచి గురక వినిపించింది. మధ్యాహ్నం అన్నం తిన్నాక, రిపేరుకొచ్చిన బస్సెక్కి ఓ కునుకు తీయడం షెడ్డులో రివాజు. ఎండ కుడి కిటికీల్లోంచి కొడుతుంది కనుక అందరూ ఎడమ సీట్లలోనే పడుకుంటారు.

"దిగండయ్యా, మీ నిద్ర పాడుగాను," అన్నాడు కిందనుంచే.

గొణుక్కుంటూ ఒక్కొక్కరే దిగారు. దిగుతున్నకొద్దీ ఎడమ పక్క కడ్డీ, చూస్తుండగానే, మెల్లగా కదిలింది.

కరెంటాయన నీరుగారిపోయాడు. సెన్సార్ మార్చిన రోజూ ఇంతే. పైన జనం పడుకున్నారని చూసుకోలేదు. నిద్ర ముంచుకొస్తుంటే కుడివైపు ఎత్తు ఒక్కటే కొలిచి, ఎడమా అంతే ఉంటుందిలే అని స్విచ్ నొక్కేశాడు. ఒరిగిన బస్సునే తిన్నగా ఉన్న బస్సని పెట్టెకి నూరిపోశాడు. నెల్లాళ్లుగా బావ పడుతున్న మాటలన్నీ తను పడాల్సినవి. సిగ్గుతో చచ్చిపోయాడు.

ఈసారి రెండు పక్కలా కొలిచి నొక్కాడు. ఎడమ తిత్తులు బుస్సుమన్నాయి, బస్సు సమంగా నిలబడింది. చేతులైనా కడుక్కోకుండా ఫోర్‌మన్ గదికి నడిచాడు.

"తప్పు నాది సార్. బావది కాదు."

ఫోర్‌మన్ అంతా విని, కళ్లజోడు తీసి కళ్లు నులుముకున్నాడు.

"ఇప్పుడా చెప్పేది? మీ బావ పొద్దున్నే వచ్చి, తల తిరుగుతోంది, ఇక సీటు వద్దని తనే చెప్పి పోయాడు. సర్లే, ఆ మాట వెనక్కి తీసుకోమను. రేపు బస్సు ఆయనకే ఇస్తాను."

కాళ్లీడ్చుకుంటూ తిరిగొచ్చేసరికి బావ డ్రైవర్ సీట్లో ఉన్నాడు. తన సామాను తీసుకుపోవడానికి ఎక్కి, అలాగే కూర్చుండిపోయినట్టున్నాడు. కరెంటాయన తన తప్పూ, ఫోర్‌మన్ మాటా అన్నీ చెప్పాడు.

"నా తలకాయలోనే ఏదో అయిందనుకున్నాన్రా," అన్నాడు బావ. "మీ అక్కకి కూడా చెప్పలేదు."

"మీకేం కాలేదు బావా. బస్సే వంకర. ఇప్పుడు చూడండి, గీత గీసినట్టుంది."

బావ రెండు చేతులా స్టీరింగు పట్టుకుని, ఎదురుగా రోడ్డున్నట్టే షెడ్డు గోడకేసి చూశాడు. నెల్లాళ్లు ఒరిగిన సీట్లో తూలిపోకుండా కాచుకున్న ఆ ఒళ్లు, ఆయనకి తెలియకుండానే కుడివైపుకి వాలి ఉంది.

"నన్ను ఓదార్చడానికి చెప్పకురా," అన్నాడు నెమ్మదిగా. "ఇంకా ఒరిగే ఉంది. ఈసారి కుడికి."