పచ్చసొన

"సొన పారెయ్యకు తులసీ, పాపం."

రెండేళ్ళుగా మా ఇంట్లో తెల్లవారేది మా ఆయన చంద్రరావు గారి ఈ మాటతోనే. ఆయనకి కొలెస్ట్రాల్ ఎక్కువని తేలినప్పటినుంచి రోజూ రెండు గుడ్లు ఉడకబెడతాను. తెల్లసొన మిరియాలపొడి చల్లి ఆయన ప్లేటులోకి, పచ్చసొన సింకు దగ్గర నిలబడి నా నోట్లోకి. అదొక్కటే అయినా బాగుండు. నరసాపురం నుంచి ఆడపడుచు పంపే రొయ్యల వేపుడు, నెయ్యి ఓడే సున్నుండలు, ఆయన తినకూడనివన్నీ నేనే తినెయ్యాలని ఇంటిల్లిపాదీ ఎప్పుడో తీర్మానించేశారు. నన్నెవరూ అడగలేదు. మేడమెట్లు ఎక్కితే ఆయాసం వస్తోందంటే మా అత్తగారు సుబ్బాయమ్మ గారు ఒక్క ముక్కలో తేల్చేశారు: "ఆడవాళ్ళకి గుండెజబ్బేంటమ్మా, గ్యాసు. కాస్త వాము నములు." మా అమ్మ బట్టలుతుకుతూ పక్కకి ఒరిగిపోయినప్పుడు కూడా అందరూ గ్యాసనే అన్నారు. అమ్మకి అప్పటికి యాభై కూడా నిండలేదు.

మొన్న ఆయన చెకప్‌కి రాజమండ్రి వెళ్తే, భార్యకి కూడా అదే ప్యాకేజీలో పరీక్షలు చేస్తామన్నారు. "ఫ్రీయే కదా, నువ్వూ చేయించేసుకో," అన్నారాయన, చీరతో జాకెట్టు ముక్క వచ్చినట్టు. రిపోర్టులు చూసిన డాక్టర్ తబిత గారు ఆయన్ని వదిలేసి నావైపు తిరిగారు. చెడ్డ కొలెస్ట్రాల్ ఆయనకన్నా నాకే ఎక్కువట.

"నాకా? నాకు నొప్పేం లేదే డాక్టరు గారూ!" అన్నాను. ఆవిడ గుచ్చి గుచ్చి అడిగితే మేడమెట్ల ఆయాసం, అమ్మ సంగతి చెప్పాను.

"నొప్పి పుట్టదండీ. రక్తనాళాల్లో చప్పుడు లేకుండా పేరుకుంటుంది, పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. సొనలొక్కటే కాదు, నెలసరి ఆగాక ఆడవాళ్ళకి పెరుగుతుంది. మీ అమ్మగారి సంగతి వింటుంటే వంశంలో కూడా ఉందేమో. ఆ ఆయాసమేంటో చూద్దాం, రండి."

ఎకో గదిలో చల్లటి జెల్ పూసి, స్క్రీను నావైపు తిప్పారు. "ఇదిగోండి, మీ గుండె."

ఊపిరి బిగబట్టాను. నలుపు తెలుపుల్లో సన్నటి తలుపులు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి, మళ్ళీ తెరుచుకుంటున్నాయి. మా ఆయన పనిచేసేది ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర. అక్కడ ఒక్క గేటు లేవాలంటే ఆర్డరు రావాలి, డ్యూటీలో మనుషులుండాలి, వాళ్ళకి జీతాలివ్వాలి. ఇక్కడ చెప్పేవాళ్ళు లేరు, చూసేవాళ్ళు లేరు. నేను అంట్లు తోముతున్నప్పుడూ, ఆయన మీద అలిగి గోడవైపు తిరిగి పడుకున్నప్పుడూ, అంతకుముందు అమ్మ కడుపులో ఉన్నప్పుడూ ఇది ఇలాగే పనిచేస్తూనే ఉంది. ఒక్క పూట సెలవడగలేదు. ఎంత అందంగా ఉందో! ఇంత అద్భుతాన్ని ఒంట్లో పెట్టుకుని ఇన్నాళ్ళూ నన్ను నేను మిగిలినవి వేసే గిన్నెలా చూసుకున్నానా? ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకుంటే ఆ కాసేపు కనబడదని తుడుచుకోలేదు.

"ఇప్పటికి బాగానే ఉందండీ," అన్నారు తబిత గారు. "ఇలాగే ఉండాలంటే రోజూ మాత్ర, నడక, తిండిలో మార్పు. ఇవన్నీ మీకు చెబుతున్నాను, సార్‌కి కాదు."

వస్తుంటే మందుల షాపు దగ్గర మా ఆయన బండి ఆపలేదు. "మళ్ళీ కొనడమెందుకు? డోసు మార్చినప్పుడు మిగిలిపోయిన నా మాత్రలున్నాయిగా, అవే వేసుకో."

మందు కూడా మిగిలిందేనా!

"బండి ఆపండి," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆయన ఆపారు. రామతులసి అని నా పూర్తిపేరు రాసున్న చీటీ ఇచ్చి నా మాత్రలు నేను కొనుక్కున్నాను.

మర్నాడు పొద్దున్న గుడ్లు వలిచి, ఒక తెల్లసొన ఆయనకి, ఒకటి నాకు పెట్టుకుని, ఆయన ఎదురుగా కుర్చీలో కూర్చున్నాను. పచ్చసొనలు గిన్నెలో ఉండిపోయాయి.

"అవి పారేస్తావా ఏంటి? పాపం కదా!"

గిన్నె ఆయన ముందుకి జరిపాను. "అయితే మీరు తినండి."

ఆయన చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకున్నారు. "అమ్మో, నాకు కొలెస్ట్రాలు!"

"నాక్కూడానండీ," అన్నాను.